ఫ్యూజు కాపాడేది వైరుని

ఆటో ఎలక్ట్రికల్ పని నేర్చుకుంటున్న విద్యార్థులు, సొంత బండి ఉన్నవాళ్ళు కలిసి కూర్చున్న సభలో ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. చివర అడిగిన ప్రశ్నల్లో మూడింటిని ఉంచాం.

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

ముందు ఒక ప్రశ్న. బండిలో హారన్‌కి ఒక ఫ్యూజు ఉంటుంది. ఆ ఫ్యూజు దేన్ని కాపాడటానికి పెట్టారు? హారన్‌ని అనుకునేవాళ్ళు చేతులెత్తండి. చూశారా, దాదాపు హాలంతా ఎత్తింది. వైరుని అనుకునేవాళ్ళు? అక్కడొకరు, ఇక్కడ ఇద్దరు. ఆ ముగ్గురూ చెప్పింది కరెక్టు.

ఒక్కసారి ఆలోచించండి. హారన్ లోపల కాయిలు షార్టయింది. కరెంటు ఎక్కువ లాగింది. ఫ్యూజు పోయింది. మరి ఫ్యూజు పోయేసరికి హారన్ సంగతేమిటి? అది ముందే పోయింది. పోయినదాన్ని ఇంకేం కాపాడతాం? ఫ్యూజు కాపాడింది తన దగ్గర్నుంచి హారన్ దాకా వెళ్ళే వైరుని. ఆ వైరు ఒంటరిగా వెళ్ళదు. ఇంకో నలభై, యాభై వైర్లతో కలిసి టేపు చుట్టిన కట్టలో, కార్పెట్ కింద నుంచి, ప్లాస్టిక్ డాష్‌బోర్డు వెనక నుంచి వెళ్తుంది. అది కాలితే పక్క వైర్లన్నీ కాలతాయి. కాబట్టి ఫ్యూజు వైరుది. వైరు సైజుని బట్టే ఫ్యూజు ఉండాలి. ఈ మాట నేను ఇవాళ పదిసార్లు అంటాను, విసుక్కోకండి.

12 వోల్టులంటే మనకి భయం ఉండదు. చేత్తో పట్టుకున్నా షాక్ కొట్టదు. కానీ వైరుని కాల్చేది వోల్టేజీ ఒక్కటే కాదు, కరెంటు. కారు బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ ఎంతుంటుందో తెలుసా? బాగున్న బ్యాటరీకి కొద్ది మిల్లీ ఓమ్‌లే. లెక్క సులువుగా ఉండటానికి 10 మిల్లీ ఓమ్‌లు అనుకుందాం. 12 వోల్టుల్ని 0.01 ఓమ్‌తో భాగిస్తే 1200 ఆంప్స్. రెండు టెర్మినల్స్ మధ్య స్పానర్ పడితే దాదాపు ఆ స్థాయి కరెంటు పారుతుంది. స్టార్టర్‌ని తిప్పడానికే వందల ఆంప్స్ ఇవ్వాలి కాబట్టి బ్యాటరీని అలాగే తయారుచేస్తారు. దానికి మన అవసరం ఎంతో తెలియదు. అడిగినంతా ఇచ్చేస్తుంది.

దీనికి తోడు ఇంకో విషయం ఉంది. బండి బాడీ మొత్తం నెగెటివ్. ప్రతి లైటుకీ రెండు వైర్లు బ్యాటరీ దాకా లాగకుండా, ఒక వైరుతో పాజిటివ్ తీసుకెళ్ళి, తిరుగుదారికి బాడీనే వాడతారు. రాగి ఆదా అవుతుంది, బరువు తగ్గుతుంది. కానీ దాని ఫలితం ఏమిటి? పాజిటివ్ వైరు ఎక్కడ ఒరుసుకుపోయి రేకుకి తగిలినా అది షార్టే. డోర్ హింజి దగ్గర రోజూ వంగే వైరు, సీటు రైలు కింద నలిగే వైరు, ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ (ఫైర్‌వాల్) రంధ్రంలో రబ్బరు రింగు (గ్రొమెట్) ఊడిపోయి రేకు అంచుకి రాసుకునే వైరు, ఎలుక కొరికిన వైరు. బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ ముందు తీయమనేది కూడా ఇందుకే. పాజిటివ్ ముందు విప్పుతుంటే స్పానర్ ఇంకో కొస బాడీకి తగిలిందంటే, ఇందాక చెప్పిన వందల ఆంప్స్ ఆ స్పానర్‌లోంచే పారతాయి.

ఇప్పుడు బోర్డు మీద ఒక లెక్క వేద్దాం. చిన్నదే, కానీ దయచేసి అందరూ రాసుకోండి. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే.

అర స్క్వేర్ ఎంఎం వైరు తీసుకుందాం, అంటే అడ్డంగా కోస్తే లోపలి రాగి వైశాల్యం అర చదరపు మిల్లీమీటరు. బండిలో చిన్న లోడ్లకి మామూలుగా వాడే సైజు. మీటరుకి 37 మిల్లీ ఓమ్‌ల రెసిస్టెన్స్. ఫ్యూజు బాక్సు నుంచి 5 మీటర్లు వెళ్ళాక చివర్లో బాడీకి తగిలింది. 5 మీటర్లకి 0.185 ఓమ్. బ్యాటరీ, జాయింట్లు, బాడీ అన్నీ కలిపి 0.2 ఓమ్ అనుకుందాం. 12 బై 0.2, 60 ఆంప్స్. వైరు పుట్టించే వేడి ఎంత? కరెంటుని కరెంటుతో గుణించి, మళ్ళీ రెసిస్టెన్స్‌తో గుణించాలి. 60 ఇంటూ 60 ఇంటూ 0.037. మీటరుకి 133 వాట్లు. మీటరు పొడవున్న ఆ వైరులో రాగి ఎంతుంటుంది? నాలుగున్నర గ్రాములు. అంత రాగిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.7 జౌళ్ళు చాలు.

మొదట, ఆ వైరుకి 10 ఆంప్స్ ఫ్యూజు ఉందనుకోండి. 60 అంటే దాని రేటింగుకి ఆరు రెట్లు. అంత కరెంటులో బ్లేడు ఫ్యూజు సెకనులో పదో వంతు లోపే పోవాలి. ఆ కాస్త టైములో వైరులోకి వెళ్ళిన వేడి 13 జౌళ్ళు. వైరు ఎన్ని డిగ్రీలు పెరిగింది? ఎనిమిది. ఎనిమిదే ఎనిమిది డిగ్రీలు. షార్టయిన సంగతి ఆ వైరుకి తెలిసీ తెలియకుండానే అయిపోయింది.

ఇప్పుడు అదే వైరుకి 30 ఆంప్స్ ఫ్యూజు పెట్టండి. "10 ఆంప్స్ మాటిమాటికీ పోతోంది సార్, అందుకే పెద్దది వేశాం" అంటారు చూడండి, ఆ పనే. 60 ఇప్పుడు రెండు రెట్లు మాత్రమే. రెండు రెట్ల దగ్గర ఫ్యూజుకి 5 సెకన్ల దాకా గడువుంది. 133 ఇంటూ 5, 665 జౌళ్ళు. 1.7తో భాగిస్తే 390 డిగ్రీలు. ఇన్సులేషన్ కొంత వేడి లాక్కుంటుంది, కొంత అటూ ఇటూ తేడా వస్తుంది, సరే. కానీ మామూలు పీవీసీ ఇన్సులేషన్ తట్టుకునేది ఎంత? రకాన్ని బట్టి 85 నుంచి 105 డిగ్రీలు. క్రాస్ లింక్ చేసిన మంచి రకమైతే 125. మనం 390 దగ్గరున్నాం.

ఇంకా అయిపోలేదు. అసలు ప్రమాదం ఇక్కడుంది, జాగ్రత్తగా వినండి. రాగి వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. 200 డిగ్రీలకి వచ్చేసరికి 1.7 రెట్లు అవుతుంది. రెసిస్టెన్స్ పెరిగితే కరెంటు? తగ్గుతుంది. 60 ఉన్నది 36 దగ్గరికి దిగుతుంది. 30 ఆంప్స్ ఫ్యూజుకి 36 ఒక లెక్కా? 1.2 రెట్లు. 1.35 రెట్లకే పది నిమిషాల దాకా ఆగొచ్చు అది. అంటే ఏమైంది? వైరు కాలుతూ కాలుతూ తనే కరెంటుని తగ్గించుకుంది, ఫ్యూజుకి అంతా మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తోంది. వైరు కాలుతుంటుంది, ఫ్యూజు చల్లగా కూర్చుంటుంది. పొగ వచ్చినా ఫ్యూజు పోలేదు, ఫ్యూజు కంపెనీ మంచిది కాదు అనేవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఫ్యూజు తన పని తను సరిగ్గానే చేసింది. 30 ఆంప్స్ దాకా మోయమని చెప్పి పెట్టారు, మోసింది. ఆ వైరుకి అంత ఓపిక లేదు, అంతే. అందుకే మళ్ళీ అంటున్నాను, ఫ్యూజు వైరుది.

ఇక ఫ్యూజు లోపలికి వెళ్దాం. ఇదిగో, ఈ బ్లేడు ఫ్యూజు పట్టుకుని ఒకరి తరవాత ఒకరు చూసి ముందుకి పంపండి. లైటుకి ఎదురుగా పెట్టి చూడండి. రెండు కాళ్ళ మధ్య వంపు తిరిగిన సన్నటి లోహపు పట్టీ కనిపిస్తోంది కదా? అది ఎక్కువగా జింకు మిశ్రమం. జింకు 420 డిగ్రీలకి కరుగుతుంది, రాగి 1085కి. పట్టీలో ఒకచోట ఇంకా సన్నగా మెడలా ఉంది చూడండి. వేడి ముందుగా అక్కడే పోగవుతుంది, అక్కడే తెగుతుంది. ఎక్కడ తెగాలో ముందే నిర్ణయించి చేసిన వస్తువు ఇది.

ఈ ఆకారం 1976లో లిటిల్‌ఫ్యూజ్ కంపెనీ తెచ్చింది. అంతకుముందు గాజు గొట్టాల ఫ్యూజులు ఉండేవి, యూరప్ బళ్ళలో పింగాణీ కడ్డీ మీద పట్టీ ఉండేవి. వాటికి స్ప్రింగు క్లిప్పుల పట్టు వదులై, తుప్పు పట్టి, ఫ్యూజు బాగున్నా క్లిప్పు వేడెక్కేది. బ్లేడు వచ్చాక పట్టు గట్టిపడింది, రంగు చూసి రేటింగు చెప్పగలిగే వీలు కూడా వచ్చింది.

పోయిన ఫ్యూజుని పారేసే ముందు చూడండి. మీ దగ్గర చిన్న భూతద్దం ఉంటే ఇంకా మంచిది. పట్టీ మధ్యలో చిన్న ఖాళీ, అంచులు కరిగి గుండ్రంగా ఉండి, ప్లాస్టిక్ శుభ్రంగా ఉంటే అది ఓవర్‌లోడు. మెల్లగా వేడెక్కి తెగింది. మోటారు బిగుసుకుపోయి ఉండొచ్చు, ఎవరో లోడు పెంచి ఉండొచ్చు. అలా కాకుండా లోపలంతా నల్లబడి, వెండి రంగు తుంపరలు ప్లాస్టిక్‌కి అంటుకుని ఉంటే? అది షార్టు. లోహం ఒక్కసారిగా పేలి చిమ్మింది. మూడో రకం కూడా ఉంది. పట్టీ వంపు దగ్గర వెంట్రుక లాంటి పగులు ఉంటుంది, కంటికి బాగానే కనిపిస్తుంది, కరెంటు మాత్రం పారదు. అది అలసట. ఎందుకొస్తుంది? హాలోజన్ బల్బు ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ చాలా తక్కువ. 55 వాట్ల బల్బు నడిచేటప్పుడు 4.6 ఆంప్స్ లాగుతుంది, స్విచ్చి వేసిన ఆ క్షణంలో దాదాపు పది రెట్లు లాగుతుంది. కొన్ని మిల్లీ సెకన్లే. ఫ్యూజు అంత త్వరగా పోదు, పోకూడదు కూడా. కానీ ప్రతిసారీ పట్టీ కాస్త వేడెక్కి సాగి మళ్ళీ ముడుచుకుంటుంది. వేలసార్లు అలా అయ్యాక ఒకరోజు పగులుతుంది. అలాంటిది పోతే, తప్పు కోసం వైరింగంతా విప్పక్కర్లేదు. ఫ్యూజు మార్చి ఊరుకోవచ్చు. పోయిన ఫ్యూజు ఎందుకు పోయిందో అదే చెబుతుంది, మనం చూడకుండా పారేస్తాం.

రేటింగు అంటే ఆ నంబరు దాటగానే ఠక్కున పోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. 10 ఆంప్స్ ఫ్యూజు 11 ఆంప్స్‌ని 100 గంటలు మోయాలి. ప్రమాణంలోనే ఆ మాట ఉంది. 13.5 దగ్గర పది నిమిషాల లోపు, 20 దగ్గర 5 సెకన్ల లోపు, 60 దగ్గర సెకనులో పదో వంతు లోపు. కరెంటు ఎంత పెరిగితే అంత త్వరగా. వైరు కూడా అంతే కదా? కొంచెం ఎక్కువ కరెంటుని కొంతసేపు ఓర్చుకుంటుంది, చాలా ఎక్కువైతే క్షణంలో కాలిపోతుంది. అన్ని చోట్లా వైరు కంటే ఫ్యూజు ముందు అలిసిపోవాలి. డిజైను అంటే అదే.

రంగుల గురించి ఒక హెచ్చరిక, విద్యార్థులు ముఖ్యంగా వినండి. మామూలు బ్లేడు, మినీ బ్లేడుల్లో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, తెలుపు 25, ఆకుపచ్చ 30. ఇవి మీకు నోటికి వచ్చు. కానీ పెద్ద మ్యాక్సీ ఫ్యూజుల్లో ఎరుపు 50, నీలం 60. పెట్టెలా ఉండే జేకేస్ రకంలో నీలం 20, ఆకుపచ్చ 40, పసుపు 60. రంగుని నమ్మి చెయ్యి పెట్టకండి. మీద అచ్చు వేసిన అంకె చదవండి. ఇంకోటి, రేటింగు రాసి ఉన్నంత మాత్రాన అది నిజం అనుకోవద్దు. పేరూ ఊరూ లేని చవక ఫ్యూజుల్లో రేటింగుకి రెండింతలు పారించినా పోనివి ఉంటాయి. రూపాయి దగ్గర చూసుకుని బండి వైర్ల కట్టని (హార్నెస్‌ని) పణంగా పెట్టొద్దు.

ఫ్యూజు బాక్సు మూత మీద పటం ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? ఎడమ హెడ్‌లైటుకి ఒకటి, కుడి హెడ్‌లైటుకి ఒకటి విడివిడిగా ఉంటాయి. రెండింటికీ కలిపి 15 ఆంప్స్ ఒకటి పెడితే చాలదా? కరెంటు లెక్కకి చాలు. కానీ రాత్రి వేగంగా పోతుంటే ఒక వైపు బల్బు హోల్డరు షార్టయిందనుకోండి, రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతాయి. విడిగా పెడితే ఒకటైనా మిగులుతుంది. వైరుని కాపాడే క్రమంలో డ్రైవరుని చీకట్లో వదిలేయకూడదు కదా. అందుకే వెనకటి కొన్ని కార్లలో హెడ్‌లైట్లకి ఫ్యూజు బదులు బైమెటల్ బ్రేకర్లు పెట్టేవారు. వేడెక్కితే పట్టీ వంగి తెగుతుంది, చల్లారితే మళ్ళీ కలుస్తుంది. లైట్లు వెలిగి ఆరి, వెలిగి ఆరి, బండి పక్కకి తీసుకునే అవకాశం ఇస్తాయి. ఆ చోట అది తెలివైన పని. కానీ మనిషి చూడని చోట, ఆపి ఉంచిన బండిలో, తనంతట తనే మళ్ళీ కలిసే బ్రేకర్ నాకు నచ్చదు. తప్పు అలాగే ఉండగా మళ్ళీ మళ్ళీ దానికి కరెంటు పోస్తూనే ఉంటుంది. చేత్తో నొక్కితే తప్ప కలవని రకం ఉంది, అది నయం.

పవర్ విండో సంగతి వేరు. అద్దం పైదాకా వెళ్ళి ఆగిపోయినా పిల్లలు బటన్ వదలరు. ఆగిపోయిన మోటారు నడిచేదానికన్నా కొన్ని రెట్లు ఎక్కువ లాగుతుంది. ప్రతిసారీ ఫ్యూజు పోతే ఎలా? అందుకే చాలా మోటార్లలోనే పీటీసీ ముక్క ఒకటి ఉంటుంది. పాలిమర్‌లో కార్బన్ రేణువులు కలిపి చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు రేణువులు ఒకదానికొకటి తగిలి దారి ఇస్తాయి, వేడెక్కితే పాలిమర్ ఉబ్బి అవి విడిపోతాయి, రెసిస్టెన్స్ అమాంతం పెరుగుతుంది. చల్లారితే మామూలే. అది కరెంటుని పూర్తిగా తెంచదు, బాగా తగ్గిస్తుంది. దాని వెనక ఫ్యూజు ఉండాల్సిందే.

ఆల్టర్నేటర్ వైరు, మెయిన్ ఫీడు లాంటి పెద్ద వైర్లకి పాత బళ్ళలో ఫ్యూజిబుల్ లింకు ఉంటుంది. కాపాడాల్సిన వైరు కన్నా నాలుగు గేజులు (వైరు సైజు నంబర్లు) సన్నగా ఉండే చిన్న వైరు ముక్క, మంటపట్టని ఇన్సులేషన్‌తో. లోపల రాగి తెగినా పైన బాగున్నట్టే కనిపిస్తుంది. రెండు కొసలు పట్టుకుని మెల్లగా లాగండి, రబ్బరులా సాగితే లోపల పోయినట్టే. దాని స్థానంలో మామూలు వైరు ముక్క వేసి అతికించకండి. అలా వేసిన రోజున ఆ బండి మెయిన్ వైరుకి రక్షణ లేదు. ఇప్పటి బళ్ళలో బ్యాటరీ టెర్మినల్ మీదే బోల్టు వేసి బిగించే 100, 150, 200 ఆంప్స్ ఫ్యూజులు ఈ పని చేస్తున్నాయి.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైనది. ఫ్యూజుకి కనిపించనిది.

కరెంటు పెరిగితేనే ఫ్యూజు పోతుంది. ఒప్పుకున్నాం. మరి కరెంటు పెరగకుండానే వేడి పుడితే? ఎలా పుడుతుందంటారా? వదులు కనెక్షను. ఒక పిన్ను వదులైంది, కాస్త తుప్పు పట్టింది, 0.1 ఓమ్ రెసిస్టెన్స్ వచ్చింది. అందులోంచి 10 ఆంప్స్ పారుతున్నాయి. వేడి ఎంత? 10 ఇంటూ 10 ఇంటూ 0.1, 10 వాట్లు. ఇందాక వైరులో మనం చెప్పుకున్నది మీటరు పొడవునా పరుచుకున్న వేడి. ఇది బియ్యపు గింజంత చోట 10 వాట్లు. కనెక్టరు ప్లాస్టిక్ ముందు పసుపుబారుతుంది, తరవాత గోధుమ రంగు, తరవాత కరిగి పిన్నుకి అతుక్కుపోతుంది. మరి ఫ్యూజు? దానికి 10 ఆంప్సే కనిపిస్తున్నాయి. నిజానికి రెసిస్టెన్స్ పెరిగింది కాబట్టి కొంచెం తక్కువే. అది ఎన్నటికీ పోదు. వదులు కనెక్షను దగ్గర ఫ్యూజు మనల్ని కాపాడలేదు. అక్కడ కాపాడేది వైరు మీద సరిగ్గా నొక్కి బిగించిన, అంటే క్రింపు చేసిన టెర్మినలే. కట్టింగ్ ప్లేయరుతో నొక్కి అయిందనిపించకండి. క్రింపింగ్ టూలుతో చేయండి. వైరు పోగుల్లో నాలుగు తెగినా మళ్ళీ చేయండి.

ఫ్యూజు హోల్డరులో కూడా ఇదే జరుగుతుంది. ఫ్యూజు తీస్తే ఒక కాలు నీలంగా మాడి ఉంటుంది, ప్లాస్టిక్ ఆ వైపే కరిగి ఉంటుంది, పట్టీ మాత్రం తెగలేదు. అక్కడ ఫ్యూజు మారిస్తే లాభం లేదు, రోగం హోల్డరుది. లోపలి టెర్మినల్ పట్టు వదులైంది, అది మార్చాలి.

కనిపించని వాటిలో రెండోది సగం షార్టు. తడి మట్టి, మసి పేరుకున్న కనెక్టరులో రెండు పిన్నుల మధ్య ఒకటి రెండు ఆంప్స్ లీకవుతుంటాయి. 10 ఆంప్స్ ఫ్యూజులో లోడు 8, లీకు 2. ఫ్యూజుకి అదేం పెద్ద బరువు కాదు. బండి ఆపాక కూడా కరెంటు ఉండే లైన్ల మీద ఇలా అయితే రాత్రంతా సాగుతుంది. దీన్ని పట్టుకోవడానికి మంచి పద్ధతి ఉంది. బ్లేడు ఫ్యూజు నెత్తి మీద రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి, చూశారా? అవి మీటరు పెట్టడానికే. మల్టీమీటరు మిల్లీ వోల్టుల్లో పెట్టి ఆ రెంటినీ తాకండి. ఫ్యూజులో కరెంటు పారుతుంటే చిన్న వోల్టేజీ కనిపిస్తుంది, పారకపోతే సున్నా. బండి లాక్ చేసి, కంప్యూటర్లన్నీ నిద్రపోయేదాకా ఆగి, ఒక్కొక్క ఫ్యూజూ చూసుకుంటూ పోండి. ఫ్యూజు పీకక్కర్లేదు. ఏ లైను మేలుకుని ఉందో దొరుకుతుంది.

ఇక యాక్సెసరీలు. కంపెనీ నుంచి వచ్చిన వైరింగు కన్నా మనం తరవాత కలిపిన వైరింగులోనే నాకు ఎక్కువ తప్పులు కనిపిస్తాయి. 55 వాట్ల బల్బులు తీసి 100 వాట్లవి పెడతారు. ఒక్కోటి 8 ఆంప్స్ దాటింది. ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పెంచుతారు. వైరు పెరిగిందా? స్విచ్చి పెరిగిందా? హోల్డరు పెరిగిందా? ఏదీ పెరగలేదు. కాపలా మాత్రం తీసేశారు. ఎక్కువ లోడు కావాలంటే బ్యాటరీ నుంచి కొత్త వైరు, దానికి సొంత ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి). పాత వైరు రిలే కాయిల్‌ని నడిపితే చాలు.

లెక్క ఎలా? లోడు 10 ఆంప్స్ అనుకోండి. ఎడతెగకుండా నడిచే లోడు ఫ్యూజు రేటింగులో ముప్పావు వంతు మించకూడదు. 10 బై 0.75, 13.3. పైన దొరికేది 15. ఇంజను దగ్గర వేడి ఎక్కువైతే ఇంకా వెసులుబాటు చూసుకోవాలి. ఇప్పుడు 15 ఆంప్స్‌ని నిక్షేపంగా మోసే వైరు కావాలి, 10 మోసేది కాదు. ఒకటిన్నర స్క్వేర్ వేద్దాం. 4 మీటర్లకి దాదాపు అర వోల్టు డ్రాప్ వస్తుంది, పరవాలేదు. వైరు ఎప్పుడూ ఫ్యూజు కన్నా బలంగా ఉండాలి. ఆ ఫ్యూజు ఎక్కడ పెట్టాలి? లోడు దగ్గరా, బ్యాటరీ దగ్గరా? బ్యాటరీ దగ్గర. జానెడు దూరంలో. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న ముక్కకి ఏ రక్షణా లేదు, అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. లోడు దగ్గర ఫ్యూజు పెట్టి 4 మీటర్ల వైరుని వదిలేసినవాళ్ళు లోడుని కాపాడాం అనుకుంటారు. వైరు గాలికి పోయింది. రెండు బ్యాటరీలని కలిపే వైరైతే రెండు కొసల్లోనూ ఫ్యూజు ఉండాలి, కరెంటు రెండు వైపుల నుంచీ రాగలదు కాబట్టి.

ఇంకో తప్పు, చాలా మామూలుగా జరిగేది. 20 ఆంప్స్ ఫ్యూజు ఉన్న లావు వైరు మీద గీకి, చిన్న కెమెరాకో ఛార్జరుకో అర స్క్వేర్ సన్న వైరు కలుపుతారు. "కెమెరా అర ఆంప్ కూడా లాగదు కదండీ" అంటారు. నిజమే, లాగదు. కానీ ఆ సన్న వైరు నలిగి బాడీకి తగిలితే దానికి కాపలా ఎవరు? 20 ఆంప్స్ ఫ్యూజు. ఇందాకటి లెక్క గుర్తు తెచ్చుకోండి. వైరు ఎక్కడ సన్నబడితే అక్కడ ఇంకో ఫ్యూజు పడాలి. కెమెరా లైనుకి కలిపిన చోటే 2 ఆంప్స్‌దో 3 ఆంప్స్‌దో పెట్టండి.

కొత్త బళ్ళ గురించి రెండు మాటలు. ఇప్పుడు కొన్నింట్లో ఫ్యూజు పని మాస్‌ఫెట్ అనే సెమీకండక్టరు స్విచ్చిలు చేస్తున్నాయి. ఎలక్ట్రానిక్ ఫ్యూజు అంటున్నాం. కరెంటుని ఎప్పటికప్పుడు కొలుస్తూ, ఈ వైరు ఇప్పటికి ఎంత వేడెక్కి ఉంటుందో సాఫ్ట్‌వేర్‌లో లెక్క కడుతూ, హద్దు దాటబోతుంటే మైక్రో సెకన్లలో ఆపేస్తుంది. అంత కచ్చితంగా కాపాడితే వైరుని సన్నగా వేయొచ్చు, బరువు తగ్గుతుంది. నాకు నచ్చే సంగతి ఏమిటంటే, వైరు సైజుని బట్టే రక్షణ అనే మాట ఇక్కడ ప్రోగ్రాములోకే ఎక్కింది. అయితే మాస్‌ఫెట్ చెడితే ఒక్కోసారి తెగకుండా కలిసిపోయి చెడుతుంది. అందుకే దాని వెనక లోహపు ఫ్యూజు ఇంకా ఉంటుంది.

ఎలక్ట్రిక్ కార్లలో 400, 800 వోల్టుల డీసీ. అక్కడ పట్టీ కరిగినా పని పూర్తవదు, తెగిన చోట ఆర్క్, అంటే ఖాళీలోంచే కరెంటు పారే మెరుపు, నిలబడిపోతుంది. ఏసీలో లాగా కరెంటు సున్నాకి రావడం డీసీలో ఉండదు. అందుకే ఆ ఫ్యూజులో స్ఫటిక ఇసుక నింపుతారు. ఆర్క్ వేడికి ఇసుక కరిగి గాజులా గడ్డకడుతూ ఆర్క్‌ని ఆర్పేస్తుంది. మనకి తెలిసిన 32 వోల్టుల బ్లేడు ఫ్యూజు అలాంటి చోట, ఆ మాటకొస్తే 48 వోల్టుల లైనులో కూడా పెట్టకూడదు. ఆంప్స్ సరిపోయినా వోల్టేజీ సరిపోదు. నారింజ రంగు కేబుళ్ళ జోలికి శిక్షణ లేకుండా వెళ్ళకండి.

నేను చెప్పాలనుకున్నది ఇదీ. ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: స్టార్టర్ కేబులుకి ఫ్యూజు ఎందుకు ఉండదండీ?

మంచి ప్రశ్న. స్టార్టర్ వందల ఆంప్స్ లాగుతుంది. అంత మోసే ఫ్యూజు పెడితే చాలా రకాల షార్టుల్లో అది పోదు, చిన్నది పెడితే చలి పొద్దున బండి స్టార్ట్ కాకుండా పోతుంది. అందుకే ఎక్కువ బళ్ళలో దాన్ని ఫ్యూజుతో కాకుండా దారితో కాపాడతారు. పొట్టి కేబులు, మందమైన స్లీవు, కదలకుండా క్లిప్పులు, టెర్మినల్ మీద రబ్బరు టోపీ. కొన్ని కార్లలో గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్‌తో పాటే చిన్న పేలుడు మందు పేలి ఆ కేబుల్ని బ్యాటరీ నుంచి విడగొడుతుంది. కాబట్టి స్టార్టర్ విప్పి బిగించేటప్పుడు ఒక క్లిప్పు మిగిలిపోయింది, పరవాలేదులే అనకండి. ఆ కేబులుకి ఉన్న రక్షణ ఆ క్లిప్పే.

ప్రశ్న: ఫ్యూజు పెట్టగానే పోతోంది. షార్టు ఎక్కడో కనిపెట్టడానికి ఎన్ని ఫ్యూజులు కాల్చాలి?

ఒక్కటి కూడా అక్కర్లేదు. ఫ్యూజు తీసి, హోల్డరులో దాని రెండు కాళ్ళు దూరే చోట్ల మధ్య 21 వాట్ల బల్బు కలపండి. ఎంత షార్టున్నా 12 వోల్టుల దగ్గర బల్బు 1.75 ఆంప్స్‌కి మించి పోనివ్వదు, వైరుకి భయం లేదు. ఆ లైను మీద ఉన్న లోడ్లన్నీ ఒక్కొక్కటే విప్పండి. ఒకటి విప్పగానే బల్బు ఆరిపోతే తప్పు దానిదే. అన్నీ విప్పినా నిండుగా వెలుగుతూనే ఉంటే తప్పు వైరులో ఉంది. హార్నెస్‌ని పొడవునా కదుపుతూ వెళ్ళండి, బల్బు మినుకుమన్న చోట విప్పి చూడండి. ఎయిర్‌బ్యాగ్ లైన్లలో మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, వాటిని ముట్టుకోవద్దు.

ప్రశ్న: దారిలో 15 ఆంప్స్ ఫ్యూజు పోయింది. నా దగ్గర 10, 20 ఉన్నాయి. ఏది వేయాలి?

10. చిన్నది వేస్తే మహా అయితే అది పోతుంది, వైరుకి ఏమీ కాదు. 20 వద్దు. కానీ ఆ లైను హెడ్‌లైట్లదో వైపర్లదో అయితే, నడుస్తుండగా 10 పోయి చీకట్లోనో వానలోనో ఇరుక్కుంటారు. అప్పుడు ఇంకో పని చేయండి. ఫోన్ ఛార్జింగు సాకెట్‌దో, ఆడియోదో అదే 15 ఆంప్స్ ఫ్యూజు ఉంటే తీసి ఇక్కడ పెట్టండి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఇంజను కంట్రోల్ వాటినుంచి తీయకండి. పెట్టిన ఫ్యూజు కూడా వెంటనే పోయిందంటే లైనులో షార్టుంది, మూడోది పెట్టకుండా అక్కడే ఆగి మెకానిక్‌ని పిలవండి. మొదట పోయిన ఫ్యూజు జేబులో వేసుకోండి. లోపల నల్లబడిందో శుభ్రంగా తెగిందో ఆయన చూడాలి.